అరలు ఎవరివి

మా యూనివర్సిటీకి నూరేళ్ళు నిండబోతున్నాయని, ఆ సందర్భంగా లైబ్రరీతో సహా ప్రాంగణంలోని కట్టడాలన్నిటి చరిత్రా ఒక పుస్తకంగా తేవాలని పెద్దలు నిర్ణయించారు. ఇందులో నాకు అభ్యంతరమేమీ లేదు. రాసే పని మా తోడల్లుడికి అప్పగించారు. ఒళ్ళు మండదూ మరి?

అతను బిల్డింగ్ సెక్షన్‌లో ఇంజనీరు, నేను లైబ్రేరియన్‌ని. అతను నా భార్యకు స్వయానా చెల్లెలి మొగుడు. ఒకే ఇంటి అల్లుళ్ళం, ఒకే చోట ఉద్యోగం. వారమంతా ఆఫీసులో ఎలాగో తప్పించుకు తిరిగినా ఆదివారం అత్తగారింట్లో ఎదురుపడక తప్పదు. మనిషి చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే నాకింత బాధ ఉండేది కాదు. నవ్వుతాడు, నవ్విస్తాడు, ఎవరింట్లో కుళాయి కారినా చొక్కా చేతులు మడుచుకుని పనిలోకి దిగిపోతాడు. మా అత్తగారికి చిన్నల్లుడంటే ప్రాణం. ఆవిడ ముందుగదిలో ఫ్యాను కింద ఒక పేము కుర్చీ ఉంది. పెళ్ళైన కొత్తలో అందులో నేనే కూర్చునేవాణ్ణి. అతను వచ్చాక నేను గోడ పక్క బెంచీకి మారాను. ఎవరూ మారమనలేదు. నేను గుమ్మంలో కనిపించగానే అతనే "మీరు కూర్చోండి అన్నయ్యగారూ" అంటూ లేచి నిలబడతాడు. అంత మర్యాదగా లేచినవాడి కుర్చీలో ఎలా కూర్చుంటాం?

ఇక నా సంగతి. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ పుస్తకాలు రాసినవాళ్ళ పేర్లు కార్డుల మీద టైపు చేస్తూనే ఉన్నాను. ఇంటిపేరు ముందు, తర్వాత కామా, తర్వాత అసలు పేరు. రాసింది ఎంత పనికిమాలినదైనా రాసినవాడి పేరు మీద కేటలాగు సొరుగులో ఒక కార్డు ఉంటుంది. కోళ్ళకొచ్చే జబ్బుల మీద కరపత్రం వేసిన పెద్దమనిషికీ ఉంది. నాకు లేదు. పెద్ద పుస్తకమే రాయాలని కూడా లేదు. ఏదైనా పుస్తకంలో ఒక్క అధ్యాయం రాసినా, ఆ అధ్యాయానికి విడిగా కార్డు వేయడం మా పద్ధతి. నా పేరు మీద కార్డంటూ వస్తే అది సొరుగులో ఏ రెండు కార్డుల మధ్య దూరుతుందో నాకు తెలుసు. ఎవరూ చూడనప్పుడు ఒకటి రెండుసార్లు అక్కడ వేలు పెట్టి ఆ సందు వెడల్పు చేసి చూసుకున్నాను.

అందుకే వీసీ గారు మమ్మల్నిద్దరినీ పిలిపించి, "మీరు లైబ్రరీ వివరాలు అందించండి, ఇంజనీరు గారు రాస్తారు" అన్నప్పుడు నాకు తల కొట్టేసినట్టయింది.

"లైబ్రరీ అంటే గోడలు కాదండీ," అన్నాను. "పుస్తకాలు. గోడల గురించి ఆయన్ని రాసుకోనివ్వండి. లైబ్రరీ అధ్యాయం నాకివ్వండి."

"గోడల్లేకుండా మీ పుస్తకాలు ఎక్కడ పెడతారు?" అన్నారు వీసీ గారు. ఆయన లెక్కల ప్రొఫెసరు.

మా తోడల్లుడు గొంతు సవరించుకున్నాడు. "అన్నయ్యగారు రాస్తేనే బాగుంటుందండి. కట్టడం గురించి ఓ రెండు పేజీలు నేను కలుపుతాను."

"ఆ రెండు పేజీల పైన ఎవరి పేరుంటుంది?" అని అడిగాను.

వీసీ గారు గడియారం చూసుకున్నారు. "ఒక అధ్యాయానికి ఒక పేరే. ఎవరి పేరన్నది మీలో మీరు తేల్చుకుని చెప్పండి. ఒకింటి అల్లుళ్ళు, ఆ మాత్రం తేల్చుకోలేరా?" అన్నారు. ఆయనకు తోడల్లుడు లేడని నాకు అప్పుడే అర్థమైంది.

ఆ ఆదివారం అత్తగారింట్లో చరిత్ర మొదలైంది. మా తోడల్లుడు పేము కుర్చీలో కూర్చుని, యూనివర్సిటీ పుట్టినప్పుడు తరగతులు ఒక ఉన్ని గోదాములో జరిగేవనీ, మేష్టర్లు పాఠం చెప్పడం కంటే తుమ్మడమే ఎక్కువనీ చెబుతున్నాడు. ఆ తర్వాత హాస్టలు కథ. పునాదులు తవ్వించినవాడు ప్లాను కాగితం తలకిందులుగా పట్టుకున్నాడట. అందుకే ఆ హాస్టలు ముఖద్వారం ఈనాటికీ చెత్తకుండీల వైపు తెరుచుకుంటుంది, వెనకనున్న వంటగది తలుపు తిన్నగా పూలతోటలోకి తెరుచుకుంటుంది. మా అత్తగారు పొట్ట పట్టుకుని నవ్వారు. నా భార్యా నవ్వింది. నేను ఆవిడ వైపు చూశాక కాస్త తగ్గించింది.

"ఇక లైబ్రరీ సంగతి వినండి అత్తయ్యగారూ," అన్నాడు. "మొదట్లో లైబ్రరీ అంటే రిజిస్ట్రారు గదిలో ఒక బీరువా. దాని తాళంచెవి ఆయన భార్య కొంగున ఉండేదిట. ఆవిడ పుట్టింటికెళితే తిరిగొచ్చేదాకా ఎవరికీ పుస్తకం లేదు."

మళ్ళీ నవ్వులు. ఆ తాళంచెవి కథ అతనికి చెప్పింది నేను. ఇదే ఇంట్లో, ఇదే బెంచీ మీద కూర్చుని ఎప్పుడో చెప్పాను. నేను చెప్పినప్పుడు మా అత్తగారు "పాపం" అని ఊరుకున్నారు. అదే కథ అతని నోట వినేసరికి ఆవిడకు కళ్ళనీళ్ళు తిరిగేంత నవ్వొచ్చింది.

భోజనాలయ్యాక అతను నా పక్కన చేరాడు. "అన్నయ్యగారూ, ఒకసారి మీ స్టాక్ హాలు లోపలికి రావాలండి. పాత పటాలన్నీ తిరగేశాను. మూడంతస్తుల హాలు, మధ్యలో ఒక్క స్తంభం గీసి లేదు. ఇంత బరువు దేని మీద నిలబడిందో నాకు అంతుపట్టడం లేదు."

స్టాక్ హాలంటే పుస్తకాలు దాచే వెనక హాలు. నేల నుంచి పైకప్పు దాకా ఇనుప అరల వరసలు, వాటి మధ్య మనిషి పట్టేంత సందులు. పాఠకులు కూడా రాని చోటు అది. ఆ లైబ్రరీ మొత్తంలో అతని కాలు పడని చోటు అదొక్కటే.

"స్టాక్ తనిఖీ నడుస్తోంది," అన్నాను. "అది అయ్యేదాకా బయటివాళ్ళను రానివ్వం."

"చిన్నల్లుడు బయటివాడేమిటి నాయనా?" అన్నారు మా అత్తగారు లోపలి నుంచి. ఆవిడకు వినపడకూడనివే బాగా వినపడతాయి.

అతను నవ్వి ఊరుకున్నాడు. మళ్ళీ అడగలేదు. తనిఖీ లాంటిదేమీ నడవడం లేదని నా భార్యకు తెలుసు. దారిలో ఆ మాటే అంది. నేను చెప్పులు సరిచేసుకుంటూ వెనకబడ్డాను.

ఇక్కడ మా యూనివర్సిటీ ఆనవాయితీ ఒకటి చెప్పాలి. కదిలేది ఏ శాఖలో ఉంటే ఆ శాఖది, కదలనిది బిల్డింగ్ సెక్షన్‌ది. బల్బు మాది, హోల్డరు వాళ్ళది. కర్టెను మాది, కడ్డీ వాళ్ళది. గడియారం మాది, అది వేలాడే మేకు వాళ్ళది. ఒకసారి మేకు ఊడి గడియారం పడి పగిలింది. తప్పు మేకుదని మేం, గడియారం బరువుదని వాళ్ళు. అది తేలేదాకా రీడింగ్ హాల్లో చదువుకునేవాళ్ళు టైము కోసం ఒకళ్ళ చేతులు ఒకళ్ళు చూసుకున్నారు. ఇనుప అరలు మాత్రం ఎప్పటి నుంచో మా సామాన్ల కిందే లెక్క. వాళ్ళ పటాల్లో కుర్చీలు గీయరు, బల్లలు గీయరు, అలాగే అరలూ గీయలేదు.

ఆ రోజుల్లోనే పుస్తకాలు కొత్త లైబ్రరీ భవనంలోకి మారుతున్నాయి. ఆ భవనం మా తోడల్లుడు కట్టించిందే. ఎటు చూసినా అద్దాలు. సాయంత్రమైతే లోపల చదువుకునేవాళ్ళు ఎండకు కళ్ళు చిట్లించుకుని కూర్చోవాలి, అయినా వచ్చినవాళ్ళందరూ ఆహా అంటారు. స్టాక్ హాల్లో కింది అంతస్తు అప్పటికే ఖాళీ అయింది. పై రెండంతస్తుల్లో పుస్తకాలు ఇంకా ఉన్నాయి. అంతా ఖాళీ అయ్యాక పాత భవనాన్ని ప్రాంగణ చరిత్ర మ్యూజియంగా మారుస్తారనీ, బిల్డింగ్ సెక్షన్ చేతికిస్తారనీ కబురు తెలిసింది. శతవార్షిక పుస్తకం కోసం ఫొటోగ్రాఫరు ఆ వారంలోనే వస్తాడని కూడా తెలిసింది. ఖాళీ అరల ముందు మా తోడల్లుడు నిలబడి ఉన్న ఫొటో నా కళ్ళ ముందు కదలాడింది. ఆ అరల దుమ్ము పీల్చి నా ఊపిరితిత్తులు పాడయ్యాయి. ఏ అర ఎక్కడ గీరుకుంటుందో నా మోచేతులకు తెలుసు. ఫొటోలో మాత్రం అతను.

అరలు కదిలేవి, కాబట్టి నావి. కొత్త భవనం నేలమాళిగలోకి తరలించేస్తే సరిపోతుందనుకున్నాను.

"మరిదిగారిని ఒక్కమాట అడగండి," అంది నా భార్య.

"నా అరలు నేను తీసుకోవడానికి అతన్ని అడగాలా?"

"అడగమంది అరల కోసం కాదు. ఇనుము కదా, విప్పే పద్ధతేదో ఉంటుందని."

"విప్పేవాళ్ళు విప్పుతారు," అన్నాను. ఆవిడ మూతి ముడుచుకుని టీ కప్పులు తీసుకుపోయింది.

ఫిట్టర్లు పొద్దున్నే వచ్చారు. కింది అంతస్తులో మొదటి వరస సులువుగానే ఊడింది. అరల పలకలు గోడకు చేరవేశారు. తర్వాత అరల కాళ్ళ దగ్గరికి వచ్చారు. మణికట్టంత లావు ఇనుప కాళ్ళు. మేస్త్రీ పైకి చూసి నెత్తి గోక్కున్నాడు.

"సార్, ఈ కాలు పై అంతస్తు నేలలోకి పోయిందండి."

"పైనా మన అరలే కదా. ఊగకుండా కలిపి బిగించి ఉంటారు. బోల్టు విప్పండి."

విప్పారు. రెండు కాళ్ళు తీసి పక్కన పెట్టారు. మూడోదాని బోల్టు సగం తిరిగిందో లేదో, పై అంతస్తు నుంచి మా కేటలాగు ఆవిడ దిగివచ్చింది. చదువుకునేవాళ్ళను గదమాయించి గదమాయించి ఆవిడకు 'ఉష్ మేడమ్' అన్న పేరు స్థిరపడిపోయింది. ఆ రోజు ఆవిడే గట్టిగా మాట్లాడుతోంది.

"సార్, పైన తలుపు బిగుసుకుపోయిందండి, తెరుచుకోవడం లేదు. పక్క గుమ్మంలోంచి వచ్చాను. బల్ల మీద పెన్సిలు పెడితే దానంతటది దొర్లిపోతోంది."

"తలుపు సంగతి తర్వాత చూద్దాం."

"బిల్డింగ్ సెక్షన్‌కి ఫోన్ చేసేశాను సార్. తలుపంటే కదలనిదే కదా."

ఆవిడ మీద కేకలేయడానికి నోరు తెరిచాను. అంతలోనే మా తోడల్లుడు సైకిలు దిగి లోపలికి వచ్చేశాడు. నా అనుమతి అడగలేదు. ఒక్కడుగు వేసి, ఊడదీసిన కాళ్ళ వైపు చూశాడు, తర్వాత పైకి చూశాడు. అతని మొహంలో నెత్తుటి చుక్క లేదు. ఎప్పుడూ నవ్వే మొహం అలా అవడం నేనెన్నడూ చూడలేదు.

"ఆపండి," అన్నాడు. "బోల్టు వెనక్కి తిప్పండి. పైనున్నవాళ్ళను గోడ వారగా నడిచి దిగిరమ్మనండి. పరిగెత్తొద్దనండి."

పైన ఇనుము మూలిగింది. మూడో కాలు మా కళ్ళ ముందే వెంట్రుక వాసి పక్కకు జరిగింది. అతను వెళ్ళి దాన్ని రెండు చేతులతో వాటేసుకున్నాడు. నేనూ వెళ్ళి అవతల నుంచి వాటేసుకున్నాను. మా మీద రెండంతస్తుల పుస్తకాలున్నాయి, నిఘంటువుల గదీ అక్కడే. మేమిద్దరం పట్టుకుంటే ఆగుతుందా? ఆగదని అతనికి నాకంటే బాగా తెలుసు. అయినా ఇద్దరం వదల్లేదు.

ఫిట్టర్లు నిచ్చెన ఎక్కి బోల్టు బిగిస్తున్నారు. ఇనుప కాలికి అటొకరం ఇటొకరం, ముక్కులు దాదాపు ఆనుకుంటున్నాయి. అతని పొద్దుటి సబ్బు వాసన కూడా తెలుస్తోంది.

"ఇవేనండి నా స్తంభాలు," అన్నాడు మెల్లగా. "ముందు అరలు నిలబెట్టి, వాటి మీద నేలలు పరిచారు. అరలు మీ సామానని మా వాళ్ళు పటంలో గీయలేదు."

"నువ్వు చూపించమన్నావు. నేనే రానివ్వలేదు."

"రెండోసారి అడగాల్సింది నేను. అడగబుద్ధి కాలేదు."

"ఏం?"

చెమట అతని కంట్లోకి కారుతున్నా తుడుచుకునే వీల్లేదు. "మా ఆవిడ ఏ మాటకు అర్థం తెలియకపోయినా బావగారిని అడగాలంటుంది. మీరు చెబితే నమ్ముతుంది, నేను చెబితే నవ్వుతుంది. అత్తయ్యగారూ అంతే. నేనేం చెప్పినా నవ్వుతారు. మీ దగ్గరికొచ్చి తెలియదని చెప్పుకోవడానికి ఒకసారికే నా ప్రాణం చచ్చిపోయింది."

నేను తెల్లబోయాను. ఇన్నేళ్ళూ ఈర్ష్య నా ఒక్కడి ఆస్తి అనుకున్నాను. అందులోనూ అతను వాటాకొచ్చాడు.

బోల్టు పడింది. జాకీలు తెప్పించి, తీసేసిన కాళ్ళు మళ్ళీ నిలబెట్టారు. పైన తలుపు తెరుచుకుంది. ఒకరికీ గోరంత దెబ్బ తగల్లేదు. నా చొక్కాకు అంటిన తుప్పు మరక మాత్రం ఎన్ని ఉతుకులకూ పోలేదు.

తర్వాత జరిగింది చూడండి. అరలు కదలనివని రుజువైంది కాబట్టి, అవి మా సామాన్లలోంచి తీసేసి బిల్డింగ్ సెక్షన్‌కి బదిలీ చేశారు. పుస్తకాలు నావి, వాటి కిందున్నది అతనిది. ఒక్క పొద్దులో నా అరలన్నీ పోగొట్టుకున్నాను. ఇది చాలదన్నట్టు, విచారణ కమిటీకి అతను ఇచ్చిన నివేదికలో నా పేరు గొప్పగా వెలిగిపోయింది. అరల కాళ్ళు పై నేలలోకి వెళ్ళడం లైబ్రేరియన్ గారు గమనించారనీ, అనుమానం వచ్చి పరీక్ష కోసం ఒక వరస విప్పించారనీ, ఆయన అప్రమత్తత వల్లే చరిత్రాత్మకమైన కట్టడం దక్కిందనీ రాశాడు. కమిటీలో ఒకాయన లేచి నా వీపు తట్టాడు.

ఆదివారం అత్తగారింటికి వెళ్ళేసరికి ఆ కబురు నాకంటే ముందే చేరింది. "ఇలా కూర్చో నాయనా," అంటూ మా అత్తగారు పేము కుర్చీ చూపించారు. మా తోడల్లుడు బెంచీ మీద కూర్చుని నా వైపు చూసి నవ్వాడు. ఎన్నాళ్ళుగానో కోరుకున్న కుర్చీ. ఫ్యాను గాలి తిన్నగా నెత్తి మీద పడుతోంది. ముళ్ళ మీద కూర్చున్నట్టుంది. అతను నా కుర్చీ తీసుకున్నప్పుడు కూడా ఇంత కుళ్ళుకోలేదు. ఇప్పుడు దాన్ని దానమిచ్చాడు, పైగా అరలూ చరిత్రా రెండూ అతని చేతిలోనే ఉన్నాయి. ఇక అతని మీద కోపం తెచ్చుకోవడానికి కూడా నాకు సందివ్వలేదు.

వారం తిరగకుండా ప్రెస్సు నుంచి లైబ్రరీ అధ్యాయం ప్రూఫు వచ్చింది. పైన పేరుండాల్సిన చోటు ఖాళీగా ఉంది. రాసింది మాత్రం అతనే, అక్షరం అక్షరం. ఉన్ని గోదాము నుంచి అద్దాల భవనం దాకా అన్నీ ఉన్నాయి. చదువుతుంటే నాకే నవ్వొచ్చింది, అదింకో మంట. చివర్లో నా అప్రమత్తత గురించి నివేదికలోని మాటలే ఉన్నాయి. పక్కన పెన్సిలుతో, 'అన్నయ్యగారూ, మీ పేరే పెట్టండి' అని రాశాడు.

పెట్టొచ్చు. నా పేరు టైపు చేసి, సొరుగులో నాకు తెలిసిన ఆ సందులోకి కార్డు తోసేయొచ్చు. ఆ రాత్రి భోజనం కూడా మానేసి ఆ కాగితం ముందు కూర్చున్నాను. చివరికి అప్రమత్తత వాక్యం కొట్టేసి, పైన ఇలా రాశాను: 'ఇంజనీరు ఫొటోలో పడకూడదన్న ఉద్దేశంతో లైబ్రేరియన్ అరలు విప్పించగా నేల కుంగింది. ప్రమాదం గుర్తించి ఆపించినది ఇంజనీరు.' పేరుండాల్సిన చోట అతని పేరు పెట్టాను.

నా భార్య నా భుజం మీంచి చదివింది. "ఇంత నిజాయితీ ఎప్పుడొచ్చింది మీకు?"

"నిజాయితీ కాదు, గాడిదగుడ్డూ కాదు. అతని దయతో నేను చరిత్రలో ఉండను."

మర్నాడు సాయంత్రం అతను ప్రూఫు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. ఎప్పుడూ గుమ్మంలోంచే పలకరించేవాడు, ఆ రోజు పలకరించలేదు.

"ఇదేం పనండి? ఇలా అచ్చయితే ఊరంతా మిమ్మల్నే మెచ్చుకుంటారు. తన తప్పు తనే రాసుకున్నాడు, ఎంత గొప్ప మనసో అంటారు. ఇక నేను ఆపించిన సంగతి ఎవరిక్కావాలి?"

నాకు ఆ ఆలోచనే రాలేదు. వచ్చాక మాత్రం, చాలా ఏళ్ళ తర్వాత కడుపులో చల్లగా అనిపించింది. "ఉన్నది ఉన్నట్టు రాశాను," అన్నాను వీలైనంత వినయంగా.

"పోనీ, నేను మళ్ళీ కొట్టేస్తాను."

"కొట్టెయ్యి. నేను మళ్ళీ రాస్తాను."

అన్నంత పనీ చేశాం. పొద్దున్న నేను ప్రెస్సుకెళ్ళి నా వాక్యం పెట్టించి, పైన అతని పేరు వేయించేవాణ్ణి. సాయంత్రం అతను వెళ్ళి అప్రమత్తతను వెనక్కి తెచ్చి, నా పేరు వేయించేవాడు. కంపోజిటరు మా ఇద్దరి పేర్ల అక్షరాలు విడిగా తీసి గూట్లో సిద్ధంగా పెట్టుకున్నాడు. అతని పేరు ఉంటే నేను అతనికి పెట్టిన భిక్ష అవుతుంది, నా పేరు ఉంటే అతను నాకు పెట్టింది అవుతుంది. ఇద్దరికీ సమ్మతం కాదు. నా భార్యా, మరదలూ ఫోన్లో మా గురించి మాట్లాడుకుని నవ్వుకునేవాళ్ళు. అచ్చు మొదలుకావలసిన రోజున ప్రెస్సు మేనేజరు ఓపిక నశించి వీసీ గారి దగ్గరికి వెళ్ళాడు. లైబ్రరీ అధ్యాయానికి పేరు తేలలేదని చెప్పాడు.

శతవార్షికోత్సవం అయిన మర్నాడు, పుస్తకం కేటలాగు కోసం నా బల్ల మీదికొచ్చింది. లైబ్రరీ అధ్యాయం తీశాను. పైన వీసీ గారి పేరుంది. పక్కన ఆయన ఫొటో, వెనక నా అరలు. చివరి పేజీలో నేనూ లేను, అతనూ లేడు. 'ఒకరోజు స్టాక్ హాల్లో నడుస్తూ అర మీద చెయ్యి వేశాను. ఇది అర కాదు, స్తంభమని నాకెందుకో స్ఫురించింది' అని ఉంది. ఫొటో తీసిన రోజు తప్ప ఆయన ఆ హాల్లో అడుగుపెట్టగా నేను చూడలేదు.

అంతలో మా తోడల్లుడు వచ్చాడు. అరలు తనవయ్యాయి కాబట్టి బోల్టులు చూసుకోవడానికి ఇప్పుడు తరచూ వస్తున్నాడు. నా బల్ల మీద పుస్తకం చూసి ఆగాడు.

"చూశారా?" అన్నాడు.

"చూశాను."

నేను టైపు మిషను మీద కార్డు ఎక్కించాను. తప్పదు కదా, పద్ధతి పద్ధతే. ఇంటిపేరు ముందు, తర్వాత కామా, తర్వాత అసలు పేరు. ఒక్కో అక్షరం కొడుతుంటే వేళ్ళు నొప్పి పుట్టాయి. అతను నా వెనక నిలబడి, పళ్ళు నూరుతూ చూస్తున్నాడు. ఆ చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. లోకంలో ఆ చప్పుడు అర్థమయ్యేవాణ్ణి నేనొక్కణ్ణే.

"అత్తయ్యగారు నిన్న రాత్రి చదివారండి," అన్నాడు. "వీసీ గారు ఎంత బాగా రాశారో అన్నారు. వచ్చే ఆదివారం ఆయన్ని భోజనానికి పిలవమన్నారు."

ఆఖరి అక్షరం కొట్టి తలెత్తాను. "ఎక్కడ కూర్చోబెడతారట?"

అతను కిటికీలోంచి అద్దాల భవనం వైపు చూశాడు, తర్వాత కార్డు వైపు చూశాడు. "ఫ్యాను కిందే," అన్నాడు.

కార్డు మిషనులోంచి లాగి, సొరుగు తెరిచి, దాని చోట్లో పెట్టాను. పక్కనున్న కుర్చీ మీద పుస్తకాలు తీసి కింద పెట్టి, అతన్ని కూర్చోమన్నాను. ఈసారి అతను మీరు కూర్చోండని అనలేదు.

"ఆ గోడ పక్క బెంచీ కాస్త పొడుగ్గానే ఉంటుంది," అన్నాను. "ఇద్దరం పడతాంలే."